కొన్న ఎరువు చేనులో రాయి అవుతోంది

తాండూరు నుంచి బషీరాబాద్ దిక్కు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా నాపరాయి గనులు, పలకల దొంతరలు, పాలిషింగ్ యూనిట్ల వెనుక తెల్లటి బురద కుప్పలు కనిపిస్తాయి. ఈ మధ్య ఒక ఊరిలో సంఘం సమావేశం జరుగుతుండగా ఒక యువ రైతు గని నుంచి తెచ్చిన రాతి ముక్క మా ముందు పెట్టాడు. "ఇందులో భాస్వరం ఉందంటున్నారు. పొడి చేసి చల్లుకుంటే డీఏపీ అక్కర లేదంటున్నారు. నిజమేనా?" అని అడిగాడు. అక్కడున్న వాళ్లలో కొందరు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. డీఏపీ కోసం తెల్లవారకముందే లైన్లో నిలబడ్డ రైతు ఆ ప్రశ్న అడగక ఇంకేం అడుగుతాడు?

ముందు జవాబు చెప్పుకుందాం. తాండూరు నాపరాయి భాస్వరం రాయి కాదు. అది సున్నపురాయి. కోట్ల సంవత్సరాల కింద సముద్రం అడుగున పేరుకున్న సున్నం పొరలు పొరలుగా గట్టిపడి ఈ రాయి అయింది. తాండూరు నుంచి కర్ణాటకలోని షాబాద్ దాకా, ఇంకా ముందుకు ఇదే రాయి పరుచుకొని ఉంది. దీన్ని భూగర్భ శాస్త్రవేత్తలు భీమా బేసిన్ అంటారు. ఇదే బేసిన్‌లో యాదగిరి జిల్లా గోగి, ఉకినాళ్ ప్రాంతంలో యురేనియం కోసం వెతికినప్పుడు భాస్వరం కలిసిన సున్నపురాయి కనిపించింది. అంతమాత్రాన మన గనిలోని రాయి ఎరువు కాదు. ఈ పొడి ఎరువు అని ఎవరైనా సంచుల్లో నింపి అమ్మితే కొనవద్దు. మన రేగడిలో సున్నం ఇప్పటికే ఎక్కువ. ఇంకా సున్నం పోస్తే ఉన్న భాస్వరం కూడా మొక్కకు అందకుండా పోతుంది.

అయితే ఆ యువకుడు అడిగిన ప్రశ్న వెనుక ఇంకో పెద్ద ప్రశ్న ఉంది. మన భాస్వరం ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది? దీనికి జవాబు తెలిస్తే మన పైసలు ఎక్కడ పోతున్నాయో కూడా తెలుస్తుంది.

భాస్వరం రాయి ఎవరి చేతిలో ఉంది?

డీఏపీ అయినా, కాంప్లెక్స్ అయినా, సూపర్ ఫాస్ఫేట్ అయినా మూలం ఒక రాయే. దాంట్లో ఉండే ముఖ్యమైన ఖనిజం పేరు అపటైట్. మన ఎముకల్లో, పండ్లలో ఉన్నదీ ఆ జాతి ఖనిజమే. ఆ రాతిని పొడి చేసి ఆమ్లంతో కరిగిస్తే మొక్క తాగగలిగే భాస్వరం తయారవుతుంది.

మన దేశంలో ఈ రాయి లేకపోలేదు. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రాలో 1968లో పెద్ద నిక్షేపం బయటపడింది. ఇప్పటికీ ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థే దాన్ని తవ్వుతోంది. మధ్యప్రదేశ్‌లో ఝాబువా, హీరాపూర్, పశ్చిమ బెంగాల్‌లో పురూలియా ప్రాంతాల్లో కొంత ఉంది. తెలుగు నేల మీద కూడా ఉంది. మన వికారాబాద్‌కు అనంతగిరి కొండలున్నట్టే విశాఖ మన్యంలోనూ ఒక అనంతగిరి మండలం ఉంది. అక్కడి కాశీపట్నం దగ్గర అపటైట్ దొరుకుతుంది. కానీ అది చిన్న నిక్షేపం. కడప జిల్లా తుమ్మలపల్లెలో భాస్వరం కలిసిన డోలమైట్ రాతిలో యురేనియం ఉంది. అక్కడ తవ్వుతున్నది ఎరువు కోసం కాదు, యురేనియం కోసం. ఆ వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. రాయి దొరికిందని సంబరపడే ముందు దాన్ని ఎవరు, ఎందుకు తవ్వుతారో, ఆ దుమ్ము, ఆ నీళ్లు ఎవరి మీద పడతాయో అడగాలి. గనుల పక్కన బతుకుతున్న తాండూరు ప్రజలకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర లేదు.

ఉన్న రాయి దేశ అవసరానికి చాలదు. ప్రపంచంలోని భాస్వరం రాతి నిల్వల్లో దాదాపు 70 శాతం ఒక్క మొరాకో చేతిలో ఉంది. మనం వాడే డీఏపీలో సగం అటూఇటుగా నేరుగా ఓడల్లో దిగుతోంది. మిగతా సగం ఇక్కడి ఫ్యాక్టరీల్లో తయారైనా, రాయో, ఫాస్ఫారిక్ ఆమ్లమో, అమోనియానో చాలావరకు బయటి నుంచి రావాల్సిందే. 2021లో చైనా ఎగుమతులకు అడ్డుకట్ట వేసింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. ఆ దెబ్బలు నేరుగా మన పెద్దేముల్, యాలాల దుకాణాల ముందున్న లైన్ల మీద పడ్డాయి.

లెక్క చూడండి. 2020లో ఒక డీఏపీ బస్తాకు కేంద్రం ఇచ్చిన సబ్సిడీ 500 రూపాయలు. 2021 మేలో దాన్ని 1200 చేశారు. 2022 వానాకాలానికి 2501 రూపాయలకు పెంచారు. రైతు కట్టింది 1350. అంటే ఆ ఏడాది ఒక్కో బస్తా వెనుక 3851 రూపాయలు పోయాయి. సబ్సిడీ రైతుకు ఇస్తున్నామని ప్రభుత్వం చెప్పుకుంటుంది. కానీ ఆ పైసలు మన చేతికి రావు. కంపెనీలకు, వాళ్ల ద్వారా విదేశీ గనుల యజమానులకు పోతాయి. సబ్సిడీ తీసేయమని మేము అనడం లేదు. అది తీసేస్తే చిన్న రైతు ఎరువు ముట్టలేడు. ఇంత ఖర్చు పెట్టి తెచ్చిన భాస్వరం పంటకు ఎంత అందుతోందని మాత్రమే అడుగుతున్నాం.

మన చేనులో ఏం జరుగుతోంది?

ఒక డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. వర్షాధారపు కందికి ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం అని వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు. అంటే రమారమి ఒక బస్తా. వేసిన ఏడాది పంటకు అందేది అందులో 15 నుంచి 20 శాతమే. ఎకరాకు 5 క్వింటాళ్ల కంది పండితే గింజతో పాటు చేను దాటి పోయే భాస్వరం నాలుగు కిలోలకు కొంచెం పైన. మిగతాది ఏమైంది?

యూరియా లాగా అది గాలిలో కలవదు. నీళ్లతో లోపలికి ఇంకిపోదు. ఎక్కడ వేస్తే దాదాపు అక్కడే మట్టిని పట్టుకొని కూర్చుంటుంది. తాండూరు, యాలాల, బషీరాబాద్ రేగడిలో సున్నం ఎక్కువ కాబట్టి అక్కడ అది సున్నంతో కలిసి కాల్షియం ఫాస్ఫేట్ అవుతుంది. వికారాబాద్, మర్పల్లి, మోమిన్‌పేట దిక్కు ఎర్ర చెల్కల్లో, మొరం నేలల్లో ఇనుముతో కలిసి ఐరన్ ఫాస్ఫేట్ అవుతుంది. మరో మాటలో చెప్పాలంటే, ఎక్కడో ఎడారిలో తవ్విన రాతిని ఆమ్లంతో కరిగించి, ఓడలో, రైలులో, లారీలో తెచ్చి మన చేనులో పోస్తే అది మళ్లీ రాయి అవుతోంది.

పదేళ్లు ఏటా ఒక బస్తా చొప్పున వేసిన ఎకరంలో 230 కిలోల భాస్వరం పోశాం. గింజతో పోయింది 40 కిలోల పైచిలుకు. కంది కట్టెతో పోయింది, వానకు మట్టితో కొట్టుకుపోయింది తీసేసినా చాలా భాగం ఆ మట్టిలోనే ఉంటుంది. ఇది మనం పైసలు పెట్టి కొన్న ఆస్తి. బ్యాంకులో వేసిన సొమ్ము లాంటిది. కాకపోతే ఈ బ్యాంకు పాస్‌బుక్ మనకు ఎవరూ ఇవ్వలేదు. ఎంత ఉందో తెలియదు కాబట్టి మళ్లీ బస్తా కొంటున్నాం. పత్తి చేలల్లో అయితే విత్తేటప్పుడు ఒకసారి, పైపాటుగా మరోసారి డీఏపీ వేస్తున్నాం. భాస్వరం మొత్తం దుక్కిలోనే వేయాలి, పైపాటుగా వేస్తే దండగ అని శాస్త్రవేత్తలు ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దుకాణం గడప దాటి రావడం లేదు. భాస్వరం మితిమీరితే జింకు లోపం కూడా వస్తుంది. అప్పుడు అదే దుకాణంలో జింకు కొనమంటారు.

కందికి తెలిసిన విద్య

రాయి అయిన భాస్వరాన్ని మళ్లీ కరిగించే దారి లేదా? ఉంది. మన పెద్దలు ఆ దారిలోనే నడిచారు, పేరు తెలియకపోయినా.

మనకు దగ్గర్లో ఉన్న పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి ఒక పరిశోధన జరిగింది. 1990లో అది సైన్స్ అనే అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. ఎర్ర నేలల్లో ఇనుముతో గట్టిపడ్డ భాస్వరాన్ని చాలా పంటలు తీసుకోలేవు. కంది తీసుకోగలదు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదులుతుంది. అది ఇనుమును పట్టుకొని భాస్వరాన్ని విడిపిస్తుంది. కంది రాల్చిన ఆకు, మట్టిలో మిగిలిన వేరు కుళ్లినప్పుడు ఆ భాస్వరం తర్వాతి పంటకు కూడా కొంత అందుతుంది. సున్నం ఉన్న నల్ల నేలల్లో ఈ పని శనగ చేస్తుంది. శనగ వేరు వదిలే ఆమ్లాలు కాల్షియం ఫాస్ఫేటును కరిగిస్తాయి. పొద్దున్నే శనగ చేనులో నడిస్తే కాళ్లకు పులుపు తగిలేది అందరికీ ఎరికే. ఆ పులుపు వేరులోనూ ఉంది.

ఎర్ర చెల్కలో కంది, జొన్న కలిపి వేయడం, రేగడిలో యాసంగి శనగ వేయడం మన తాతల పద్ధతి. అది వెనుకబాటుతనం కాదని, దాని వెనుక లెక్క ఉందని శాస్త్రం ఒప్పుకుంది. ఈ పద్ధతిని చెడగొట్టింది రైతు తెలివితక్కువతనం కాదు, మార్కెట్. జొన్నకు ధర లేదు. కందికి ధర నిలకడ లేదు. అందుకే చెల్కలన్నీ పత్తిమయం అయ్యాయి.

తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పేరున వచ్చిన గుర్తింపు అది. ఆ పప్పు రుచికి, నిలవ ఉండే గుణానికి ఇక్కడి లోతైన నల్ల నేల, అందులోని అట్టపల్గైట్ అనే బంకమట్టి, సున్నపురాయి కారణం కావచ్చని ఆ పత్రాల్లోనే రాశారు. అంటే ఏ రాయినైతే మనం తిట్టుకుంటున్నామో ఆ రాయే మన పప్పుకు పేరు తెచ్చింది. కానీ గుర్తింపు కాగితం గోడకు వేలాడుతోంది, ధర మాత్రం మిల్లు యజమాని చేతిలో ఉంది. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8000 రూపాయలని ప్రకటించారు. మరోపక్క 2021 మే నుంచి కందుల దిగుమతికి తలుపులు బార్లా తెరిచి, ఏటేటా ఆ గడువు పొడిగిస్తూ వచ్చారు. భాస్వరం దిగుమతి చేసుకుంటాం, కందులూ దిగుమతి చేసుకుంటాం. మట్టిలోని భాస్వరాన్ని తవ్వి తీసే పంటను మాత్రం మన నేల మీద నిలబడనివ్వం. ఇది ఏ లెక్కన దేశానికి లాభమో పాలకులు చెప్పాలి.

సీసాలో భాస్వరం

ఇప్పుడు కొత్తగా నానో డీఏపీ వచ్చింది. అర లీటరు సీసా బస్తాకు సాటి అన్నట్టు ప్రచారం చేస్తున్నారు. సీసా మీద రాసిందే చదవండి. భాస్వరం 16 శాతం. అంటే అర లీటరులో 80 గ్రాములు. బస్తాలో 23 కిలోలు. ఆకు మీద పిచికారీ చేస్తే ఎక్కువ శాతం అందవచ్చు గాక, కానీ 5 క్వింటాళ్ల గింజలో పోయే నాలుగు కిలోలకు 80 గ్రాములు ఎట్లా సరిపోతాయి? ఈ కూడిక తీసివేత ఏడో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు. రైతు తన ఇష్టంతో కొంటే అది అతని ఇష్టం. కానీ మా మండలంలోని ఒక దుకాణంలో సీసా కొంటేనే బస్తా అన్నారు. సంఘం వాళ్లం నలుగురం పోయి అడిగితే పై నుంచే అట్లా వస్తోందన్నారు. ఒక ఎరువుకు ఇంకో సరుకు అంటగట్టడం చెల్లదని కేంద్ర ఎరువుల శాఖే రాష్ట్రాలకు ఎన్నోసార్లు రాసింది. ఉత్తర్వు కాగితం మీదే ఉంది, అంటగట్టుడు కౌంటర్ మీద నడుస్తోంది.

మనం చేయాల్సినవి, ప్రభుత్వం చేయాల్సినవి

డీఏపీ పూర్తిగా మానేయండని మేము చెప్పడం లేదు. అట్లా చెప్పడం మోసం. మట్టిలో భాస్వరం తక్కువ ఉన్న చేనులో వేయకపోతే పంట దెబ్బతింటుంది. ఎంత ఉందో చూసి వేయండి అని మాత్రమే చెబుతున్నాం.

మృగశిర కార్తెకు ముందే మట్టి నమూనా తీయండి. చేనులో ఎనిమిది, పది చోట్ల పైచెత్త తీసేసి, వి ఆకారంలో జానెడు లోతు గుంత తవ్వి, పక్క నుంచి మట్టి గీకి, అన్నీ కలిపి అర కిలో ఉంచండి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట కుప్ప పోసిన చోట తీయొద్దు. రేగడి, చెల్క రెండూ ఉంటే రెండు నమూనాలు వేరుగా తీయండి. భాస్వరం ఎక్కువ అని ఫలితం వస్తే మోతాదు తగ్గించుకోవచ్చు. భాస్వరాన్ని కరిగించే పీఎస్‌బీ బ్యాక్టీరియాను ఎకరాకు రెండు కిలోలు మాగిన పెంటలో కలిపి దుక్కిలో వేయండి. ఎరువు చేనంతా చల్లకుండా గొర్రుతో సాలులో, విత్తనానికి కొంచెం పక్కగా పడేటట్టు వేస్తే మట్టి పట్టుకునేది తగ్గుతుంది. డీఏపీ దొరకకపోతే కంగారు పడొద్దు. మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో 24 కిలోల భాస్వరం ఉంటుంది. దానికి 20 కిలోల యూరియా కలిపితే డీఏపీ బస్తా లెక్క తీరుతుంది. పప్పు పంటలకు, నూనెగింజలకు కావలసిన గంధకం 16 కిలోల దాకా అదనంగా వస్తుంది. ఇంకొక జాగ్రత్త. రాక్ ఫాస్ఫేట్ పొడి పేరుతో అమ్మేవాళ్లు వస్తారు. అది పులుపు నేలల్లో మెల్లగా కరుగుతుంది గాని తాండూరు రేగడిలో కరగదు.

ఇక ప్రభుత్వం సంగతి. 2015 ఫిబ్రవరిలో సాయిల్ హెల్త్ కార్డుల పథకం మొదలుపెట్టారు. మనలో ఎంతమంది దగ్గర ఈ రెండేళ్లలో తీసిన మట్టి ఫలితం ఉంది? రాష్ట్రంలో 2601 రైతు వేదికలు కట్టారు. ప్రతి 5000 ఎకరాలకు ఒక ఏఈఓ ఉండాలన్నారు. భవనం ఉంది, మనిషి ఉన్నాడు, మట్టి పరీక్ష మాత్రం లేదు. ఆ ఏఈఓల చేత సర్వేలు, ఫొటోలు, యాప్‌లలో నమోదులు చేయించి ఏడాది గడిపేస్తున్నారు. ఒక్క బస్తా మీద 2501 రూపాయల సబ్సిడీ ఇవ్వగలిగిన ప్రభుత్వానికి ఆ చేను మట్టి పరీక్షించే ఖర్చు భారమా?

అందుకే మన సంఘం ఈ డిమాండ్లు పెడుతోంది. ప్రతి రైతు వేదికలో మట్టి పరీక్ష జరగాలి. విత్తే ముందే ఫలితం రైతు చేతికి రావాలి, అది ఎకరాకు ఎన్ని బస్తాలు అనే లెక్కలో ఉండాలి. కౌలు రైతు తెచ్చిన మట్టిని పట్టాదారు పాస్‌బుక్ అడగకుండా పరీక్షించాలి. ఎర్ర చెల్కకు, రేగడికి వేరువేరు సిఫారసులు ఊరూరా బోర్డు మీద రాయాలి. పీఎస్‌బీ, సూపర్ ఫాస్ఫేట్ జూన్‌కు ముందే సహకార సంఘాల్లో నిలవ పెట్టాలి. అంటగట్టే దుకాణం మీద, దాన్ని పంపిన కంపెనీ మీద కూడా కేసు పెట్టాలి. జిల్లాలో పండిన కందిని మద్దతు ధరకు చివరి గింజ దాకా కొనాలి. గుర్తింపు ఉన్న తాండూరు కందికి బోనస్ ఇవ్వాలి. కోత సమయంలో దిగుమతులు ఆపాలి.

అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుకు పోతుంది. తాండూరు పక్కన పారే కాగ్నా పడమరకు పోయి భీమాలో కలుస్తుంది. ఒకే జిల్లాలో నీళ్లు రెండు దిక్కులకు పోతాయి, నేలలూ రెండు రకాలు. ఈ రెండు నేలలకూ ఒకటే బస్తా చాలునని నిర్ణయించింది రైతు కాదు. రాతి ముక్క తెచ్చిన ఆ యువకుడికి మేము చివరగా చెప్పింది ఇదే. "తమ్మీ, ఈ రాయి గనిలోనే ఉండనీ. నీ చేను మట్టి అర కిలో పట్టుకొని రా." మరుసటి వారం అతను ఇద్దరు దోస్తులను వెంటబెట్టుకొని మూడు సంచుల మట్టితో వచ్చాడు. మనం ఊరికి యాభై సంచులు పట్టుకొని రైతు వేదిక ముందు నిలబడితే, పరీక్ష చేయం అని అధికారులు ఎట్లా అంటారో చూద్దాం. మే నెల దాటకముందే ఈ పని మొదలుపెడదాం.